పక్షవాతానికి మందుంది, కానీ దానికో వేళుంది

మా నాన్నగారికి 1984 వేసవిలో పక్షవాతం వచ్చింది. అప్పుడు నేను హౌస్ సర్జన్‌ని. కబురంది నేను తెనాలి దగ్గరున్న మా ఊరు చేరేసరికి రెండోరోజు మధ్యాహ్నమైంది. ఆయన్ని వసారాలో నులక మంచం మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యీ కాలూ కదలడం లేదు. మాట లేదు. ఎవరో పావురాన్ని కోసి, ఆ నెత్తురు చేతికీ కాలికీ పట్టించారు. అది ఎండి నల్లగా అట్టకట్టి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయి అందరి మీదా కేకలేశాను. అమ్మ ఒక్క మాటంది: "పోనీ నువ్వు డాక్టరువి కదరా, నీ దగ్గరున్న మందెయ్యి."

నా దగ్గర మందు లేదు. నా దగ్గరే కాదు, అప్పుడు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

తరవాత నేను అమెరికా వచ్చి రెసిడెన్సీ చేసిన రోజుల్లో కూడా ఎమర్జెన్సీలో పక్షవాతం రోగిది ఆఖరి వరసే. గుండెపోటు కేసొస్తే అందరం పరుగెత్తేవాళ్ళం. పక్షవాతం కేసొస్తే స్కాన్ తీయించి, రక్తపోటు చూసి, వార్డుకి పంపేవాళ్ళం. చేయగలిగింది అంతే. ఇవాళ అదే రోగి వస్తున్నాడని అంబులెన్సు నించి కబురందితే, అతను తలుపు దాటకముందే స్కాన్ గది ఖాళీ చేసి పెడతారు. ఈ నలభై ఏళ్ళలో వచ్చిన మార్పేమిటో, అది మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లోకి పూర్తిగా ఎందుకు రావడంలేదో చెప్పాలని ఈ వ్యాసం.

మన మాటల్లో మూడున్నాయి, నాలుగోది లేదు

అమెరికాలో పక్షవాతాన్ని గుర్తుపట్టడానికి పిల్లలకి కూడా 'ఫాస్ట్' అని నేర్పుతారు. ఎఫ్ అంటే ఫేస్, ఏ అంటే ఆర్మ్, ఎస్ అంటే స్పీచ్, టీ అంటే టైమ్. ఈ నాలుగక్షరాల సూత్రాన్ని 1998లో ఇంగ్లండులో తయారుచేశారు.

నిజానికి ఇందులో మూడక్షరాలు మన పల్లెల్లో ఎప్పటినించో ఉన్నాయి. "మూతి వంకరపోయింది", "చెయ్యి పడిపోయింది", "మాట పడిపోయింది". ఈ మూడు మాటలూ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. మనకి లేనిది నాలుగోదే. "ఎన్ని గంటలకి పడిపోయింది?" అని మా ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగినా లాభం లేని రోజుల్లో పుట్టిన మాటలవి. ఇవాళ వైద్యమంతా ఆ నాలుగో అక్షరం మీదే నడుస్తోంది.

ఇంకో చిక్కు కూడా మాటలోనే ఉంది. పక్షం అంటే శరీరంలో ఒక పక్క. వాతం అంటే ఆయుర్వేదం చెప్పిన వాత దోషం. పేరు వింటే జబ్బు చేతిలోనూ కాలిలోనూ ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే నూనెలూ, మర్దనలూ, పావురం నెత్తురూ. కానీ జబ్బు ఉన్నది మెదడులో. ఎడమ మెదడు కుడి పక్కనీ, కుడి మెదడు ఎడమ పక్కనీ నడుపుతాయి. మాట చాలామందికి ఎడమ మెదడులో ఉంటుంది. అందుకే మా నాన్నగారికి కుడి చెయ్యీ, మాటా ఒకేసారి పోయాయి.

కాలవకి అడ్డం పడితే

పక్షవాతం రెండు రకాలు. మెదడుకి వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం ఒకటి. నాళం చిట్లి మెదడులోకి నెత్తురు చిమ్మడం రెండోది. అమెరికాలో ఏటా సుమారు 7 లక్షల 95 వేల పక్షవాతాలు వస్తున్నాయి. అందులో 87 శాతం మొదటి రకం. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఎంత గొప్ప డాక్టరైనా స్కాన్ తీయకుండా తేల్చి చెప్పలేడు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ బిళ్ళ నోట్లో వేయకూడదు. నాళం చిట్లిన మనిషికి అది కీడు చేస్తుంది.

కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కనక నాకు కాలవ పోలికే తోస్తుంది. పంటకాలవకి గండి కాకుండా అడ్డం పడిందనుకోండి. అచ్చంగా ఆ కాలవ మీదే బతికే మడి వెంటనే ఎండిపోతుంది. చుట్టుపక్కల మడులు మాత్రం పక్క బోదెల నించి ఊరే చెమ్మతో కొంతసేపు పచ్చగా ఉంటాయి. అడ్డు ఎంత తొందరగా తీస్తే అన్ని మడులు దక్కుతాయి. మెదడూ అంతే. నడిమి భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం పని మానేస్తుంది కానీ చావదు. గ్రహణం నాటి మసక నీడలా ఉంటుంది కనక డాక్టర్లు దాన్ని 'పెనంబ్రా' అన్నారు. వైద్యం చేసేది ఈ మసక భాగాన్ని దక్కించుకోవడానికే.

పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి ఎన్ని కణాలు పోతాయో 2006లో జెఫ్రీ సేవర్ అనే న్యూరాలజిస్టు లెక్కకట్టాడు. నిమిషానికి 19 లక్షలు. ఇది సగటు లెక్క. పక్క బోదెలు బాగున్నవాళ్ళకి నెమ్మదిగా పోతాయి, లేనివాళ్ళకి ఇంకా తొందరగా పోతాయి.

మూడు గంటల నించి ఇరవై నాలుగు గంటలదాకా

మొదటి మందు 1995 డిసెంబరులో వచ్చింది. టీపీఏ అనే గడ్డ కరిగించే మందుని 624 మంది రోగుల మీద పరీక్షించిన ఫలితాలు అప్పుడు వెలువడ్డాయి. పక్షవాతం మొదలైన మూడు గంటల్లోపు ఈ మందిస్తే, మూడు నెలల తరవాత వైకల్యం లేకుండా, లేదా స్వల్పంగా మిగిలి బయటపడే అవకాశం కనీసం 30 శాతం పెరిగింది. ప్రమాదం కూడా ఉంది. మందు పుచ్చుకున్నవాళ్ళలో 6.4 శాతం మందికి మెదడులో నెత్తురు చిమ్మి పరిస్థితి దిగజారింది. మందు ఇవ్వనివాళ్ళలో అది 0.6 శాతమే. అయినా మొత్తమ్మీద మేలే ఎక్కువ. 1996లో ప్రభుత్వ అనుమతి వచ్చింది. 2008లో యూరప్‌లో జరిగిన పరీక్షతో, తగిన రోగులకి గడువు నాలుగున్నర గంటలదాకా పెరిగింది.

పెద్ద నాళాల్లో పడ్డ పెద్ద గడ్డలు ఈ మందుకి సరిగా లొంగవు. వాటికి 2015లో దారి దొరికింది. తొడ మొదట్లో ఉన్న ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడుదాకా పోనిచ్చి, చిన్న వల లాంటి పరికరంతో గడ్డని పట్టి బయటికి లాగేస్తారు. ఆ ఏడాది వరసగా ఐదు పరీక్షలు ఇది పనిచేస్తుందని తేల్చాయి. మొదటిది నెదర్లాండ్స్‌లో 500 మంది మీద జరిగింది. గడ్డ తీసినవాళ్ళలో 32.6 శాతం మంది మూడు నెలలకి తమ పని తాము చేసుకోగలిగారు. తీయనివాళ్ళలో 19.1 శాతం.

2018లో గడువు మళ్ళీ మారింది. స్కాన్‌లో మసక భాగం ఇంకా బతికి ఉందని కనిపించిన రోగులకి, ఆరు గంటలు దాటాక, ఇరవై నాలుగు గంటలదాకా గడ్డ తీసి చూశారు. తీసినవాళ్ళలో 49 శాతం మంది స్వతంత్రంగా బతకగలిగారు, తీయనివాళ్ళలో 13 శాతం. 2025 మార్చిలో టెనెక్టిప్లేస్ అనే మందుకి కూడా అమెరికాలో పక్షవాతానికి అనుమతి దొరికింది. పాత మందు గంటసేపు ఎక్కించాలి. ఇది ఐదు సెకన్లలో ఒక్క ఇంజెక్షన్.

ఇరవై నాలుగు గంటలు అనగానే "ఇంకేం, తొందరేముంది" అనుకోకండి. అది కొందరికే, స్కాన్‌లో పక్క బోదెలు బాగున్నట్టు తేలినవాళ్ళకే. ఎవరు ఆ కొందరో ఇంట్లో కూర్చుని చెప్పలేం.

ఒక శనివారం ఉదయం

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. పదేళ్ళ క్రితం ఒక శనివారం మధ్యాహ్నం తెలిసినబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మగారు ఏలూరు నించి ఆరునెలలకని వచ్చారు. "అంకుల్, పొద్దున్న దీపం పెడుతుంటే అమ్మ చేతిలో అగ్గిపెట్టె జారిపోయింది. మాట కొంచెం తడబడుతోంది. బీపీ బిళ్ళ వేసుకోలేదేమోనని వేసి, కాఫీ ఇచ్చి పడుకోబెట్టాం. లేచాక చూస్తే మూతి ఒక పక్కకి లాగింది." ఎన్ని గంటలకి జరిగిందని అడిగాను. ఎనిమిదిన్నరకి. నేను గడియారం చూశాను. పన్నెండు.

"ఫోన్ పెట్టేసి 911కి చెయ్యి" అన్నాను. అతను తటపటాయించాడు. "విజిటర్ ఇన్సూరెన్సే అంకుల్, అది కూడా తక్కువది. మా కారులో మామూలు క్లినిక్‌కి తీసుకెళ్తే?" అన్నాడు.

అతన్ని తప్పుపట్టలేను. తల్లి మీద ప్రేమ లేకా కాదు, చదువు లేకా కాదు. మనలో ఎవరైనా ఆ స్థితిలో ముందు అదే ఆలోచిస్తాం. అందుకని మూడు సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఒకటి, 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, మెడికేర్‌లో చేరిన ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, డబ్బుందా, ఇన్సూరెన్సుందా, ఏ దేశస్థుడు అని చూడకుండా పరీక్షించి, ప్రమాదం నించి గట్టెక్కించే వైద్యం చేయాలి. బిల్లు వస్తుంది, అబద్ధం చెప్పను. కానీ లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సహాయ పద్ధతి ఉండి తీరాలని 2010 చట్టం చెబుతోంది. అడగండి, బేరమాడండి. బిల్లు నెలలతరబడి తీర్చుకోవచ్చు. పోయిన మాట ఏ వాయిదాల మీదా తిరిగి రాదు.

రెండు, సొంత కారు వద్దు. అంబులెన్సువాళ్ళకి ఏ ఆసుపత్రిలో పక్షవాతం వైద్యం ఉందో తెలుసు. దారిలోంచే కబురు చేస్తారు. మూడు, నోటికి ఏమీ ఇవ్వకండి. మింగే శక్తి కూడా పోయి ఉండొచ్చు. ఆ కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక కొత్త జబ్బు.

ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న "ఆఖరిసారి బాగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు?" అని. మీరు ఎప్పుడు గమనించారని కాదు. రాత్రి పదింటికి బాగానే పడుకుని, పొద్దున్న ఆరింటికి చెయ్యి పడిపోయి లేస్తే, గడియారం రాత్రి పది నించే లెక్క. అలాంటివాళ్ళకి కూడా ప్రత్యేకమైన స్కాన్లతో దారులు వచ్చాయి కనక ఆశ వదులుకోకండి. ఆవిడ వేసుకునే మందుల జాబితా, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు, జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఆవిడ ఆసుపత్రికి చేరి, స్కాన్ అయ్యేసరికి గడ్డ కరిగించే మందుకి వేళ మించిపోయింది. గొట్టంతో గడ్డ తీశారు. సాయంత్రానికి చెయ్యి కదిలింది. మాట మాత్రం పూర్తిగా రాలేదు.

వచ్చి పోయినదాన్ని వదలొద్దు

కొందరికి పది నిమిషాలు చెయ్యి తిమ్మిరెక్కి, మాట ముద్దయి, మళ్ళీ అంతా మామూలైపోతుంది. "వేడి చేసిందేమో" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. అది పెద్ద పక్షవాతం పంపిన ముందస్తు కబురు. ఆక్స్‌ఫర్డ్‌లో 2007లో వెలువడిన అధ్యయనంలో, ఇలాంటివాళ్ళకీ, స్వల్పంగా పక్షవాతం వచ్చినవాళ్ళకీ వెంటనే పరీక్షలు చేసి మందులిస్తే, మూడు నెలల్లో మళ్ళీ పక్షవాతం వచ్చేవాళ్ళు 10.3 శాతం నించి 2.1 శాతానికి తగ్గారు. ఇంత చవకగా ఇంత మేలు చేసే వైద్యాలు మా వృత్తిలో అరుదు.

అసలు రాకుండా చూసుకోవడం ఇంకా చవక. పక్షవాతానికి మూలకారణాల్లో మొదటిది రక్తపోటు. 1991లో అమెరికాలో అరవై దాటినవాళ్ళ మీద జరిగిన పెద్ద పరీక్షలో, పై అంకె మాత్రమే ఎక్కువున్నవాళ్ళకి మాత్రలిస్తే పక్షవాతాలు 36 శాతం తగ్గాయి. "వయసొచ్చాక బీపీ ఆ మాత్రం ఉంటుందిలే" అనే మాట అక్కడితో చెల్లిపోయింది. మన ఇళ్ళల్లో చెల్లలేదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే కంచంలో పెట్టుకుని, బిళ్ళ మాత్రం "ఇవాళ బాగానే ఉంది" అని మానేసే పెద్దవాళ్ళని మీరూ ఎరుగుదురు.

మధుమేహం రెండోది. మన ఒంటి తీరు వేరు. తక్కువ బరువుకే మనకి చక్కెర జబ్బు వస్తుంది. అందుకే 2015 నించి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవాళ్ళకి బీఎంఐ 25 కాదు, 23 నించే పరీక్ష చేయమంటోంది. పొగతాగడం, కొలెస్టరాల్, ఒళ్ళు కదలకపోవడం మీకు తెలిసినవే. ఎక్కువమంది పట్టించుకోనిది నాడి. లయ తప్పి కొట్టుకునే గుండెలో నెత్తురు నిలిచి గడ్డకట్టి మెదడుకి ఎగిరిపోతుంది. పక్షవాతం ప్రమాదం ఐదురెట్లు. సరైన మందు వాడితే అందులో దాదాపు మూడింట రెండువంతులు తప్పుతుంది.

ఎప్పుడూ గుండెజబ్బు గానీ పక్షవాతం గానీ రాని పెద్దవాళ్ళు "ముందుజాగ్రత్త"కని ఇండియా నించి ఎకోస్ప్రిన్ అట్టలు తెచ్చుకుని రోజూ మింగుతూ ఉంటారు. అరవై దాటాక అలా కొత్తగా మొదలుపెట్టడంలో మేలుకన్నా నెత్తురు కారే ప్రమాదమే ఎక్కువని 2022లో ఇక్కడి నిపుణుల సంఘం తేల్చింది. డాక్టరు రాసిచ్చిన బిళ్ళని మాత్రం మీ అంతట మీరు మానకండి.

"నువ్వు కదలకు నాన్నా"

మా నాన్నగారు పదకొండేళ్ళు బతికారు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. చొక్కా తొడిగేది. మేమంతా "కదలకండి, మేమున్నాం" అనేవాళ్ళం. అదే సేవ అనుకున్నాం.

అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకో సంగతి కనిపెట్టాడు. పడిపోయిన చెయ్యి కొంత కోలుకున్నా, మంచి చెయ్యి అలవాటైపోవడంవల్ల మనిషి దాన్ని వాడటం మానేస్తాడు. వాడనిదాన్ని మెదడు మరిచిపోతుంది. అందుకని ఆయన మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే గంటలతరబడి పనులు చేయించాడు. పక్షవాతం వచ్చి మూడు నించి తొమ్మిది నెలలైన 222 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. చెయ్యి మెరుగైంది, ఆ మెరుగు ఏడాది తరవాత కూడా నిలిచింది. ఇది అందరికీ పనికిరాదు. చేతిలో కొంత కదలిక మిగిలి ఉండాలి. తొందర కూడా పడకూడదు. మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే గట్టిగా లేపి నడిపిస్తే నష్టమేనని 2015లో మరో పరీక్ష చెప్పింది. ఎప్పుడు, ఎంత అన్నది థెరపిస్టు చెప్పాలి. కానీ ముద్ద ఆయన చేతే కలిపించాలి, సగం కింద పడ్డా సరే. ఈ ముక్క నాకు 1984లో తెలిసి ఉంటే బాగుండేది.

ఉయ్యాల తప్పు సమాధానమా?

ఏలూరు అమ్మగారి దగ్గరికి మళ్ళీ వద్దాం. మర్నాడు నేను చూడటానికి వెళ్ళాను. అబ్బాయి ఇంటికెళ్ళి ఇంకా రాలేదు. నర్సు బొమ్మల కార్డు చూపించి పేర్లడుగుతోంది. ఆ కార్డులో చేతి తొడుగు, తాళంచెవి, ఈక, కుర్చీ, జెముడు, తాళ్ళ ఉయ్యాల ఉంటాయి. పక్షవాతం తీవ్రతని కొలవడానికి అమెరికా అంతటా వాడే కార్డు అది. ఆవిడ ఒక్కొక్క బొమ్మనీ చూసి, మెల్లిగా, కష్టపడి, "తాళం... చెవి" అంది. "ఉయ్యాల" అంది. "జెముడు" అంది. నర్సు కాగితం మీద ఏమీ పోల్చుకోలేకపోతోందని రాస్తోంది.

"ఆగండి, ఆవిడ చెప్పినవన్నీ సరైనవే" అన్నాను. నర్సు మంచిమనిషి. చటుక్కున కలం ఆపేసింది. ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వు తెలుగోడివా బాబూ" అంది. మూడు మాటలూ ఒక్క ఊపులో వచ్చాయి.

రెండు భాషలు వచ్చినవాళ్ళకి పక్షవాతంలో మాట పోతే ఏ భాష ముందు తిరిగొస్తుంది? ఫ్రాన్సులో 19వ శతాబ్దంలోనే ఈ చర్చ జరిగింది. చిన్నప్పటి భాషే ముందొస్తుందని రిబో అన్నాడు. ఎక్కువగా వాడే భాష ముందొస్తుందని 1895లో పీత్ర్ అన్నాడు. ఇద్దరి మాటా అందరి విషయంలోనూ నిజం కాలేదు. కొందరికి రెండూ కలిసి వస్తాయి, కొందరికి ఒకటే వస్తుంది. ముప్ఫై ఏళ్ళు అమెరికన్ ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడినవాడు కూడా లేచి తెలుగే మాట్లాడవచ్చు. అది మతి తప్పడం కాదని ఆసుపత్రివాళ్ళకి చెప్పాల్సింది మనమే.

ఈ విషయంలో మన హైదరాబాదు ప్రపంచానికి ఒక కొత్త సంగతి చెప్పింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో నించి థామస్ బాక్, వాళ్ళ సహచరులు 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. పక్షవాతం తరవాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు ఒకే భాష వచ్చినవాళ్ళలో 19.6 శాతం, రెండో అంతకన్నా ఎక్కువో భాషలు వచ్చినవాళ్ళలో 40.5 శాతం. చదువు, వయసు, రక్తపోటు లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా నిలిచింది. మాట పోవడం మాత్రం రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. అంటే ఇంకో భాష పక్షవాతాన్ని ఆపదు, మాటనీ కాపాడదు. దెబ్బతిన్న మెదడు మిగిలినదాంతో నెట్టుకురావడానికి తోడ్పడుతున్నట్టుంది. మన పిల్లలకి తెలుగు నేర్పడానికి వెయ్యి కారణాలు చెప్పుకుంటాం. ఇది వెయ్యిన్నొకటోది అనుకోండి.

ఫెడరల్ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివాళ్ళకి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. ఫోనులోనో వీడియోలోనో తెలుగు దుబాసీ కావాలని అడగండి. స్పీచ్ థెరపిస్టుకి ఇంట్లోని చెంబు, గరిటె, దేవుడి పటం, మనవడి ఫోటో పట్టుకెళ్ళి ఇవ్వండి, వాటి పేర్లు తెలుగులో రాసి మరీ.

ఏలూరు అమ్మగారు నాలుగు నెలల తరవాత ఇంటికెళ్ళారు. చెయ్యి బాగుంది. పేర్లకి కొంచెం తడుముకుంటారు. ఎనిమిదిన్నరకే ఫోన్ చేసి ఉంటే ఆ తడుములాట కూడా ఉండేది కాదేమో. ఆ అబ్బాయి నన్నెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ పుస్తకం మూసేముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి 911 నొక్కడం, 'స్ట్రోక్' అనే మాట, ఇంటి అడ్రసు నేర్పండి. ఫ్రిజ్ మీద కాగితం అంటించి నాలుగు ముక్కలు రాయండి. మూతి. చెయ్యి. మాట. నాలుగోది, మన భాషలో ఇన్నాళ్ళూ లేనిది: ఎన్ని గంటలకి?